అరవై ఆరు దెబ్బలు

గంట మోగుతూనే ఉంది. తాడు మాత్రం కదలడం లేదు.

"నలభై మూడు... నలభై నాలుగు..." వెనకాల ఆడవాళ్ళు సన్నగా లెక్కపెడుతున్నారు. ఎవరూ గట్టిగా అనడం లేదు. ఎవరూ ఆపడం లేదు.

శారోన్ గంట గోపురం కింద, తాళం వేసిన ఇనప కటకటాల ముందు నిలబడి తల పైకెత్తి చూస్తోంది. మధ్యాహ్నం మూడు గంటలు. ఎండ పెళపెళలాడుతోంది. పై అంతస్తు కమానుల్లోంచి గంట అంచు స్పష్టంగా కనిపిస్తోంది. అది ఊగడం లేదు. కిందికి వేలాడుతున్న తాడు కొసన ముడి, ఆ ముడి మీద ఒక తూనీగ. అదీ కదలకుండా కూర్చుని ఉంది.

టంగ్.

"నలభై అయిదు."

ఆమె ఫోను పైకెత్తి పట్టుకుంది. రికార్డింగు నడుస్తోంది. ఫోను కదలకుండా రెండో చేత్తో మణికట్టు బిగించి పట్టుకుంది.

ఉప్పలగుప్తం దాటాక సముద్రం వైపున్న ఆ పేటలో చావుగంటకి ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే, పోయినవాళ్ళ వయసెంతో అన్ని దెబ్బలు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక నిండు ఊపిరి. పొలంలో ఉన్నవాళ్ళు, చెరువు గట్టు మీదున్నవాళ్ళు లెక్కపెట్టుకుని, పోయిందెవరో ఇంటికి చేరకముందే తెలుసుకుంటారు. తాతల నాటి నుంచీ అంతే. నెల క్రితం ఆ పద్ధతి తిరగబడింది. ఎవరూ పోలేదు. ఎవరూ తాడు ముట్టుకోలేదు. గంట డెబ్భై ఒక్క దెబ్బలు మోగింది. పేటలో డెబ్భై ఒక్కేళ్ళవాడు ఒక్కడే. నలభై ఏళ్ళుగా ఆ గంట కొడుతున్న యేసురత్నం. "నా గంటే నన్ను పిలిచింది" అని మంచమెక్కాడు. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తొమ్మిదో రోజున పోయాడు.

మొన్న మంగళవారం మళ్ళీ మోగింది. అరవై ఆరు. పేటంతా వేళ్ళు మడిచి వెతికారు. అరవై ఆరేళ్ళవాళ్ళు ఒక్కరూ తేలలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఒక్క దానమ్మ తప్ప.

"అరవై అయిదు... అరవై ఆరు."

ఆగింది. మంగళవారం లెక్కే. చర్చి వెనక రొయ్యల చెరువుల మీంచి కొంగల గుంపొకటి లేచి, గోపురం పక్కగా చప్పుడు లేకుండా పడమటికి వెళ్ళిపోయింది.

సంఘం సెక్రటరీ సాల్మన్ తాళాలగుత్తి పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. దానమ్మకి సొంత తమ్ముడు. శారోన్‌కి మేనమామ.

"మళ్ళీ మోగిందంట కదా అమ్మడూ? నాకు సరిగ్గా వినబడి చావలేదు." కుడిచేతిని చెవికి అడ్డం పెట్టుకున్నాడు. చెవిలో మిషను కుయ్‌మని సన్నగా కూసింది. ఆ కూత పేటలో అందరికీ అలవాటే. ఆయన ప్రార్థన చేస్తుంటే ఒకపక్క అది కూస్తూనే ఉంటుంది. కూస్తోందని ఆయనకి తెలీదు. అలాంటి సన్నటి శబ్దాలే ఆయనకి వినబడవు మరి.

తాళం తీశాడు. మెట్లెక్కి చూశారు. గబ్బిలాల రెట్ట తప్ప మనిషి అడుగుజాడ లేదు.

"దేవుని చిత్తం," అన్నాడు సాల్మన్, కళ్ళు తుడుచుకుని. "అక్కకి నువ్వే ధైర్యం చెప్పాలమ్మా. ధైర్యంగా వెళ్ళేలాగ."

*

శారోన్ ఇంటికి వచ్చేసరికి తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం పక్కన స్టూలు మీద ఇన్సులిన్ సూది, గిన్నెలో గంజి. రెండు రోజులుగా రెండూ అలాగే ఉన్నాయి.

"అమ్మా, లే. ఒక్క రెండు చెంచాలు తాగు."

"మళ్ళీ మోగిందిగా."

"నీకు అరవై మూడే కదే! నీ సర్వీసు రిజిస్టరు, ఆధారు, పింఛను కాగితం, అన్నిట్లో అరవై మూడు. అరవై ఆరు కొడితే నీకేంటి?"

దానమ్మ మెల్లగా ఇటు తిరిగింది. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి.

"అరవై మూడు కాగితాల లెక్కే. నన్ను మూడేళ్ళు ఆలస్యంగా బళ్ళో వేశారు. మాస్టారు మూడేళ్ళు తగ్గించి రాసేశారు. మీ నాన్నకి కూడా చెప్పలేదు నేను. నాకు నిజంగా అరవై ఆరు." ఊపిరి తీసుకుంది. "మనుషులెవరికీ తెలీని లెక్క గంటకి ఎలా తెలిసిందే? పైవాడు కొట్టించకపోతే?"

శారోన్ గంజి గిన్నె మీద మూత పెట్టి బయటికి వచ్చింది.  

పొద్దున్న అమలాపురం డాక్టరు ఫోనులో ఒకటే మాట అన్నాడు. ఆదివారం దాకా ఇలాగే ఉంటే మనిషి దక్కదు. మొండిగా ఎత్తుకెళ్ళి ఆసుపత్రిలో పడేసినా, బతకనని తీర్మానించుకున్నవాళ్ళని బతికించే మందు తన దగ్గర లేదు. ఇవాళ గురువారం.

వరండాలో కూర్చుని ఫోను తెరిచింది. ఆమె అమలాపురంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెబుతుంది. శ్రుతిదండం ప్రయోగం చూపించడానికి ఫోనులో ఒక యాప్ వేసుకుంది. శబ్దం వినిపిస్తే దాన్ని విడదీసి గీతలుగా చూపిస్తుంది. మంద్రమైనవి కింద, కీచుగా ఉండేవి పైన, ఒక్కోదాని పక్కన దాని పౌనఃపున్యం. గంట అంటే ఒక శబ్దం కాదు. అయిదారు శబ్దాల కట్ట. ఏ రెండు గంటల కట్టలూ ఒకేలా ఉండవు. మనిషి వేలిముద్రలాగే.

ఎవడో ఎక్కడో వేరే గంట మోగిస్తున్నాడు. ఆమె అనుమానం అది. గీతలు తేడాగా ఉంటే చాలు, తల్లికి చూపించి లేపొచ్చు.

పోల్చడానికి చర్చి గంట పాత రికార్డింగు కావాలి. అది ఫోనులోనే ఉంది. ఆరేళ్ళ క్రితం ఆమె పెళ్ళి వీడియో. పెళ్ళికూతురు చర్చి మెట్లెక్కుతుంటే యేసురత్నం గంట కొడుతున్నాడు. ఆ ముక్క యాప్‌లో పెట్టింది. 216. 431. 517. పైన ఇంకో మూడు గీతలు.

తర్వాత ఇవాళ్టి మోత పెట్టింది.

431. 517. పైన అవే మూడు గీతలు. అంకె కూడా తేడా లేదు.

శారోన్ ఫోను బల్ల మీద పెట్టేసి దూరం జరిగి కూర్చుంది. అబద్ధపు గంట అనుకుంది. కాదు. తన పెళ్ళి నాడు మోగిన గంటే అది. తాడు కదలకుండా, గంట ఊగకుండా, మూడింటి ఎండలో మోగింది అదే.

మళ్ళీ ఫోను చేతిలోకి తీసుకుంది. ఈసారి పిల్లల రికార్డు పుస్తకం దిద్దినట్టు ఒక్కో గీతా దిద్దుకుంటూ వచ్చింది. అప్పుడు రెండు సంగతులు కనిపించాయి.

ఒకటి, అన్నిటికంటే కింద ఉండాల్సిన 216 లేదు. గంట మోగాక గుండెల్లో ఉండిపోయే హోరు అది. ఇవాళ ఆ హోరే లేదు.

రెండు, ప్రతి దెబ్బ తర్వాత అర సెకనుకి, ఎక్కడో పైన 3120 దగ్గర, వెంట్రుకంత గీత. మొదటి దెబ్బ తర్వాతా ఉంది, అరవై ఆరో దెబ్బ తర్వాతా ఉంది. అదే చోట, అదే పొడవు. మనిషి అరవై ఆరుసార్లు గంట కొడితే ఏ రెండు దెబ్బలూ అంత అచ్చుగుద్దినట్టు రావు.

ఇది ఒక్క దెబ్బ. ఒక్కసారి పట్టుకుని అరవై ఆరుసార్లు వాడారు.

మరి హోరు ఏమైంది? మంద్రమైన శబ్దాన్ని మింగేసి మిగతాది మాత్రం అరిచేది ఏముంది? క్లాసులో తనే చెప్పిన పాఠం గుర్తొచ్చింది. గరాటు మూతి కోనుమైకు.

కొంగలు గుర్తొచ్చాయి. అవి చర్చి వెనక చెరువుల మీంచి లేచాయి.

*

చెరువు గట్టు మీద ముత్యాలరాజు మేత బస్తా విప్పుతున్నాడు. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర చేపలవేట మానేసి రొయ్యల్లోకి దిగిన మనిషి. గట్టు మీద వెదురు గడకి కోనుమైకు కట్టి ఉంది. మూతి చర్చి వైపుకే ఉంది.

"అదేంటండీ రాజుగారూ?"

"పిట్టల మైకండి మేడమ్ గారూ. నీటికాకులండి బాబూ, మునిగిందంటే అమ్మకానికి ఎదిగిన కౌంటు రొయ్య ఖాళీ. అందుకని పెన్‌డ్రైవులో టపాసుల మోత, కుక్కల అరుపులు ఎక్కించి పెట్టేమండి. మా ఆవిడ వీరలక్ష్మి నన్ను తిట్టే తిట్లు ఎక్కిద్దామనుకున్నానండి, మళ్ళీ పిట్టలు జిల్లా వదిలి పోతాయని జాలేసి మానేసేను."

శారోన్ నవ్వలేదు. ముత్యాలరాజు నవ్వు ఆపేశాడు.

"మూడింటికి ఎవరున్నారండీ ఇక్కడ?"

"రెండు నుంచి నాలుగు దాకా గట్టు మీద పిట్ట తప్ప మనిషుండడండి. అన్నం తిని కునుకు తీస్తాం. మైకుకి మనిషి అక్కర్లేదండి, టైమరుందండి."

"షెడ్డుకి తాళం?"

"మేతకే తాళమండి. మైకుకి తాళమేంటండి."

షెడ్డులోకి వెళ్ళి చూశారు. ముత్యాలరాజు టైమరు ముందు వంగి, మళ్ళీ వంగి, తల గోక్కున్నాడు. "మూడింటికి పెట్టుందేంటండి ఇది? నేను ఎప్పుడూ ఒంటిగంటకీ అయిదింటికీ పెడతాను." పెన్‌డ్రైవు మాత్రం అతనిదే. వచ్చినవాడు పని అవగానే తనది తీసుకుని, ఇది తిరిగి గుచ్చి వెళ్ళాడు.

విషయం చెప్పగానే ముత్యాలరాజు మొహం పాలిపోయింది. "అమ్మ బాబోయ్! నా మైకుతోనా? యేసురత్నంగారు పోయింది నా మైకుతోనా అండీ? మా పిల్లల మీద ఒట్టండి, నాకు..."

"మీరు కాదని తెలుసండి. నాకొక సాయం చెయ్యాలి. ఇప్పుడు గోపురంలో ఉన్న గంట గొంతు కూడా పోల్చి చూడాలి. పైనున్న గంటని ఇక్కణ్ణుంచి మోగించగలరా?"

గంట తాళాలు సంఘం దగ్గర ఉన్నాయి. తాళాలు అడిగితే, ఎందుకడిగిందో పేటంతా తెలుస్తుంది. ముత్యాలరాజు అర్థం చేసుకున్నాడు. పిట్టల్ని తోలే వడిసెల నడుముకే ఉంది. కాల్చిన మట్టి ఉండ ఒకటి పెట్టి, తల చుట్టూ మూడుసార్లు తిప్పి వదిలాడు. మొదటిది గోడకి తగిలింది. రెండోది కమానులోంచి దూరింది.

టణ్.

శారోన్ ఫోను చూసుకుంది. 431 ఉండాల్సిన చోట 468. కింద గీతలు ఎటుపడితే అటు చెదిరిపోయి ఉన్నాయి. ఇంకోసారి కొట్టించింది. మళ్ళీ 468.

గట్టు మీద గాలి ఆగిపోయినట్టనిపించింది.

మైకులో మోగినది అసలు గంట. గోపురంలో వేలాడుతున్నదే అబద్ధం. ఎవరో గంటనే మార్చేశారు.

*

"అమ్మా, గంట గొంతు మారిందని నీకెప్పుడైనా అనిపించిందా?"

చీకటి పడుతోంది. దానమ్మ మగతలో ఉంది. ఎంతోసేపటికి పెదవులు కదిలాయి.

"వేసవిలో రంగులేసినప్పుడు గంట దించి, రాజమండ్రిలో తోమించి తెచ్చేరుగా. అప్పట్నుంచీ అది వేరేలా మోగుతోంది. యేసురత్నం కూడా అదే అన్నాడు. 'టీచరుగారూ, ఇది నా గంట కాదండీ' అని. ఈ ఆదివారం బిషప్ గారు వస్తారు కదా, చెబుదామనుకున్నాం ఇద్దరం." కళ్ళు మూసుకుంది. "ఇప్పుడెందుకులే. చెప్పేవాళ్ళం ఇద్దరం పోతున్నాంగా."

"ఈ మాట ఇంకెవరితో అన్నావు? అమ్మా! ఎవరితో అన్నావు?"

దానమ్మ మళ్ళీ మగతలోకి జారిపోయింది. శారోన్ తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది. పుల్లటి పళ్ళ వాసన వేస్తోంది. ఇన్సులిన్ లేక ఒంట్లో విషం పెరుగుతున్న వాసన అది.

ఆ 3120 గీతని మళ్ళీ మళ్ళీ చూసుకుంది. గంట రికార్డు చేసినవాడి పక్కన ఏదో కూసింది. పిట్టా? స్కూటరు బ్రేకా? ఏదైతేనేం, వాడు దాన్ని తుడిచెయ్యలేదు. గంట శబ్దాన్ని అంత శ్రద్ధగా కత్తిరించినవాడు, అరవై ఆరుసార్లు అతికించినవాడు ఈ కూత ఎందుకు వదిలేశాడు?

*

శుక్రవారం మధ్యాహ్నం ఇంటినిండా జనం. ఆఖరి ప్రార్థన అని ఎవరూ అనలేదు గానీ అందరూ తెల్లచీరల్లోనే వచ్చారు. ముత్యాలరాజు గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దానమ్మ తల దగ్గర కుర్చీలో సాల్మన్, అక్క చెయ్యి తన రెండు చేతుల్లోనూ పట్టుకుని కూర్చున్నాడు. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు వాచి ఉన్నాయి.

ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ప్రార్థన చేశారు. లేపు ప్రభువా, బాగుచెయ్యి ప్రభువా. సాల్మన్ వంతు వచ్చింది.

"ప్రభువా, మా అక్కకి కష్టం లేకుండా చూడు తండ్రీ. ఆదివారం లోపల నీ సన్నిధికి చేర్చుకో."

శారోన్ తలెత్తింది. ఆదివారం లోపల అని దేవుడికి గడువు పెట్టేవాళ్ళెవరు?

"ఆమెన్" అన్నారు అందరూ. సాల్మన్‌కి సరిగా వినబడక, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకున్నాడు.

కుయ్.

ఒడిలో ఫోను తెరిచే ఉంది. యాప్ నడుస్తూనే ఉంది. నల్లటి తెర మీద, పైన, వెంట్రుకంత గీత ఒకటి వెలిగి ఆరిపోయింది.

3120.

 గంట పక్కన నిలబడి మోగిస్తే చెవి గళ్ళుమంటుంది. ఎవరైనా ఏం చేస్తారు? చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. చెయ్యి అడ్డం పెడితే ఆ మిషను కూస్తుంది. కూసినట్టు, పెట్టుకున్నవాడికి తెలీదు. ఎన్నిసార్లు విని చూసుకున్నా తెలీదు.

అందుకే తుడిచెయ్యలేదు.

ఆమె లేచి నిలబడింది. "మావయ్యగారూ, నిన్న గంట మోత రికార్డు చేసేను. అందరూ ఒక్కసారి వినాలి."

"ఇప్పుడెందుకమ్మడూ, అక్క ముందు..."

"అమ్మే వినాలండి."

యాప్‌లో కింది శబ్దాలన్నీ కోసేసింది. గంట మోత మొత్తం పోయింది. మిగిలిన దాన్ని పెంచి, వాల్యూమ్ నిండా పెట్టి, ఫోను మంచం మీద ఉంచింది.

కుయ్.

నిశ్శబ్దం. ఒక నిండు ఊపిరి.

కుయ్.

గదిలో ఒక ముసలామె తల తిప్పింది. తర్వాత ఇంకొకామె. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం ప్రార్థన మధ్యలో విన్న కూత అది. వినీ వినీ విననట్టే అయిపోయిన కూత. ఇప్పుడు గంట లేకుండా, ప్రార్థన లేకుండా, చావుగంట లెక్కలో ఒక్కొక్కటే పడుతోంది. కుయ్. ఒక్కొక్కరే సాల్మన్ వైపు తిరిగారు. కుయ్. అందరి చూపూ ఆయన కుడిచెవి మీద ఆగింది.

సాల్మన్ ఒక్కడికే ఏమీ వినబడటం లేదు. అందరి మొహాలూ చూస్తూ అయోమయంగా నవ్వాడు.

"ఏది? ఏం మోగట్లేదే అమ్మడూ. ఫోను పాడయిందేమో."

బాగా వినాలని ముందుకి వంగి, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆయన చెవీ ఫోనూ ఒకేసారి కూశాయి.

గుమ్మం దగ్గర ముత్యాలరాజు "ఓరి నాయనో" అన్నాడు. తెల్లచీరలన్నీ ఒక్క అడుగు వెనక్కి జరిగాయి. ఏమైందో సాల్మన్‌కి ఇంకా తెలీదు. కానీ ఏదో అయిందని తెలిసింది. అక్క చెయ్యి వదిలి లేవబోయాడు.

లేవలేకపోయాడు. అక్క చెయ్యి ఆయన్ని వదల్లేదు.

దానమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పుడు తెరిచిందో ఎవరూ చూడలేదు.

"నేను మూడేళ్ళు బడికి ఎందుకెళ్ళలేదో తెలుసా శారోన్?" గొంతు గాలిలా ఉంది.  "చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని తిప్పడానికి. అమ్మ కూలికెళ్ళేది. వాడికి బడి వయసొచ్చేక ఇద్దర్నీ ఒకే రోజు బళ్ళో వేశారు. మాస్టారు వాడు పుట్టిన తేదీయే నాకూ రాసేశారు. నా అసలు వయసు దేవుడికి తప్ప తెలీదనుకున్నాను. నేను చంకనెత్తుకున్నవాడికి కూడా తెలుసని మర్చిపోయాను."

"అక్కా..."

"గంట గొంతు మారిందిరా అని నీతోనే కదా అన్నాను. రాజమండ్రికి గంట తీసుకెళ్ళినవాడివి నువ్వే కదా అని నీతోనే కదా అన్నాను. అసలు గంట అమ్ముకున్నావని బిషప్ గారికి తెలియకూడదనే కదా ఇదంతా."

సాల్మన్ పెదవులు కదిలాయి.  ఫోను ఇంకా లెక్కపెడుతూనే ఉంది. శారోన్ వంగి దాన్ని ఆపేసింది.

దానమ్మ రెండో మోచేయి మంచానికి ఆనించింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఎవరూ సాయం పట్టకముందే లేచి కూర్చుంది. కూతురి వైపు జబ్బ చాపింది.

"సూది వెయ్యవే. గంజి వేడిచేసి తీసుకురా. ఆదివారం నేను బిషప్ గారి ముందు నిలబడాలి."

తర్వాత గుమ్మం వైపు తిరిగింది. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు, ఆ గదిలో ఆఖరి వరసకి వినిపించేలా లేచింది.

"అందరూ వినండి. నాకు చావుగంట కొట్టింది దేవుడు కాదు. యేసురత్నానికి కొట్టిందీ దేవుడు కాదు. నా తమ్ముడు. సాల్మన్."